సిస్టరమ్మ సైకిలు

ఖుర్షీదా పొడుగు మనిషి. నాకు మొదట కోపం వచ్చింది ఆ పొడుగు మీదే.

ఎనభై మూడులో, ఎండాకాలం నడుమ ఆమె వికారాబాదుకు వచ్చింది. గుట్ట కింది అయిదు పల్లెలకు నర్సుగా వేశారు. పర్మినెంటు ఉద్యోగం కాదు, మూడు నెలల ఆర్డరు. ఆ మూడు నెలల్లో ప్రతి పల్లెకూ వారానికోసారి పోవాలి. పసిపిల్లలకు సూదులు వేసి, కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రలిచ్చి, రిజిస్టరు నింపి డాక్టరుకు చూపించాలి. చూపిస్తే ఆర్డరు సాగుతుంది. లేకుంటే తాండూరులో అన్న ఇంటికి తిరిగి పోయి వదిన వంటగదిలో ఒక మూల చూసుకోవాలి. ఇదంతా ఆమె మొదటి రోజే మా దుకాణం ముందు నిలబడి మా ఆయనకు చెప్పేసింది. నేను లోపలి తలుపు పక్కన మా చిన్నోణ్ణి చంకనేసుకుని విన్నాను.

మా ఆయన పేరు దేవప్ప. స్టేషను రోడ్డులో కిరాయి సైకిళ్ళ దుకాణం మాది. ముందు గదిలో సైకిళ్ళు, వెనక రెండు గదుల్లో మేము, మా అత్త హన్మమ్మ. దుకాణంలో ఉన్న తొమ్మిది సైకిళ్ళూ మగవాళ్ళవే, నడుమ అడ్డగొట్టం ఉన్నవి. ఖుర్షీదా ఒకటి ఎక్కబోయి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని కాసేపు ఆలోచించి, దిగిపోయింది.

"నేనైతే ఎక్కుదునన్నా. చీర ఒప్పుకుంటలేదు" అంది. టీ బండి దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఊళ్ళో అప్పటికి ఆడవాళ్ళ సైకిళ్ళు రెండో మూడో ఉండేవి. అవి స్కూలు పిల్లలు తొక్కేవి. ఆమె వాటి మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. పైగా గుట్ట దారి మామూలు దారి కాదు. బస్సు రోడ్డు దిగిన దగ్గర నుంచి ఎర్రమట్టి, ఎత్తూ పల్లం, మోకాలి లోతు గుంతలు. అక్కడ మనిషికి సరిపోని సైకిలుంటే తొక్కడం కంటే మోయడమే ఎక్కువ.

మా ఆయన ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నీ అంతకు చేస్త సిస్టరమ్మా. పదిహేను దినాలు ఆగు" అన్నాడు.

పాత మగ సైకిలు ఫ్రేమును కోసి, అడ్డగొట్టం కిందికి దించి అతికిస్తే ఆడవాళ్ళ సైకిలు అవుతుందట. అది తర్వాత తెలిసింది. ఆ పూట నాకు వినబడింది 'నీ అంతకు' అన్న మాటే. నాలుగేళ్ళ కాపురంలో నా అంతకని ఆయన చేయించిన వస్తువు ఒక్కటి లేదు. నా జాకెట్లు అమ్మ కుట్టించి పంపినవి. నా కాళ్ళకున్న చెప్పులు అత్తవి, మడమ దగ్గర వేలెడు ఎక్కువ. నేను ఏడో తరగతితో ఆగిపోయిన మనిషిని. ఏదైనా నా అంతకు ఉండాలని అడగవచ్చని కూడా నాకు తోచలేదు.

*

మా ఆయన టేపు వాడడు. ఉస్తాదు దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. సైకిలు పక్కన మనిషిని నిలబెట్టి, వంగి సీటును చంక కింద ఆనించుకుని, చెయ్యి కిందికి చాపమంటాడు. వేలి కొన పెడళ్ళ నడిమి ఇరుసును తాకితే ఆ ఎత్తు ఆ మనిషిది. మోచేతిని సీటు ముక్కుకు ఆనించి ముందుకు చాపితే వేళ్ళు హ్యాండిలుకు అందాలి. అంతే, రెండే కొలతలు. మగవాళ్ళనైతే బజార్లోనే, నలుగురి ముందే కొలిచేస్తాడు. ఆడమనిషిని రోడ్డు మీద చేతులు చాపి నిలబెట్టలేడు. పరాయి ఆడదాని చంకకు సుతిలి తాడు ఆనించడం అసలే కుదరదు. అందుకని రెండు తాడు ముక్కలు నా చేతిలో పెట్టాడు.

"లోపలికి తీస్కపోయి నువ్వు కొల్చు. చంక కాన్నుంచి వేలి దాక ఒకటి. మోచెయ్యి కాన్నుంచి ఒకటి. ముడేసి ఇయ్యి. ఇగ దాని మీదనే కోస్త" అన్నాడు.

ఖుర్షీదా లోపలికి వచ్చింది. చీకటి గదిలో ఆమె మీది నుంచి సబ్బు వాసన లేచింది. నేను మునివేళ్ళ మీద లేచి ఆమె చంక దగ్గర తాడు పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె చెయ్యి చాపి నిలబడి గోడల మీది పటాలు, చిలక్కొయ్యకు వేలాడే మా ఆయన అంగీ, మూలనున్న మంచం అన్నీ తాపీగా చూసింది. నేను రెండు ముడులు వేశాను. సరిగ్గానే వేశాను.

అప్పుడు చిన్నోడు లేచాడు. పది నెలల వాడు. నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండడు. వాళ్ళ నాన్న ఎత్తుకున్నా గుక్కపట్టి ఏడుస్తాడు. ఖుర్షీదా చేతులు చాపగానే పోయాడు. పోయి ఆమె మెడ దగ్గర మొహం పెట్టుకున్నాడు.

ఆమె వాణ్ణి రెండుసార్లు పైకి ఎత్తి చూసి, "ఏడు కిలోలు గూడ లేడు. పది నెల్లోనికి తక్కువ అక్కా. పాలొక్కటే సాలయి. పప్పు, మెత్తటి అన్నం పెడ్తున్నవా?" అంది.

వంటింట్లోంచి మా అత్త గొంతు వచ్చింది. "గదే జెప్త నేను. ఇంటదా? గొంతుకు అడ్డం పడ్తదని భయం దానికి."

రోజుకు పదిసార్లు వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని నేను. తుమ్మితే పసుపు కాల్చి వాసన చూపించేదాన్ని. నా పిల్లవాడి బరువు నాకు తెలియదని, ఒకసారి ఎత్తిన మనిషికి తెలుసని, ఆ రోజు మా ఇంట్లో తేలింది.

ఆమె పోయాక తాళ్ళు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. పోల్చి చూద్దామనుకున్నాను, అంతే. తాడు నా చంక కింద పెట్టుకుని చెయ్యి చాపాను. ఆమె ముడి నా వేలి కొన దాటి ఇంకా నాలుగు వేళ్ళ కింద వేలాడుతోంది. తర్వాత ఆ ముడి విప్పాను. నా వేలి కొన దగ్గర కొత్తగా వేశాను. రెండో తాడు కూడా అట్లాగే చేశాను. మా ఆయన వచ్చి, "తీసినవా?" అని అడిగితే రెండూ ఇచ్చేశాను. ఆయన వాటిని చూడకుండానే గోడకున్న మేకుకు తగిలించాడు.

*

పదిహేను రోజులన్నది నెల పట్టింది. ఆ నెలంతా మా ఇంట్లో ఆ సైకిలు తప్ప మాట లేదు. ఫ్రేము కోయించి గ్యాసు పెట్టి అతికించి తెచ్చాడు. డబ్బా రేకు కొట్టి చైనుకు మూత చేశాడు. స్ప్రింగులున్న వెడల్పాటి సీటు ఎక్కడో వెతికి పట్టుకొచ్చాడు. నేను చూస్తూనే ఉన్నాను. అన్నిటికంటే నన్ను కాల్చింది చక్రానికి కట్టిన జాలి. చీర అంచు వెనక చక్రంలో పడకుండా ఆడవాళ్ళ సైకిళ్ళకు రెండు పక్కలా జాలి ఉంటుంది. అది వికారాబాదులో దొరకదు. మా ఆయన వాళ్ళది గొర్రెలు కాసిన ఇల్లు. మంద చుట్టూ కట్టే వల అల్లడం చిన్నప్పుడే వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ ముడులే చిన్నవి చేసి, నల్ల ఉన్ని దారంతో, మధ్యాహ్నాలు దుకాణం గడపలో కూర్చుని జాలి అల్లాడు. మూడు మధ్యాహ్నాలు. ఆయన వేళ్ళకు అంత ఓపిక ఉందని నాకు తెలియదు.

టీ బండి వాళ్ళు ఊరుకుంటారా. "దేవప్పా, మా పంచర్లకు పొద్దు దొరకదు గని సిస్టరమ్మ చక్రానికి సోయెటరు అల్లుతున్నవా?" అన్నాడొకడు. మా ఆయన తలెత్తలేదు. నేను తలుపు పక్కన నిలబడి ఆ నల్లటి గళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. లోపల నాకు ఒకటే సంతోషం. అల్లుకో, ఎంతైనా అల్లుకో, అది ఆమెకు పట్టదు.

మిరుగం కార్తె మొదలై మొదటి వాన పడ్డ మర్నాడు ఖుర్షీదా వచ్చింది. సైకిలు ఎక్కి స్టేషను దాకా పోయి వచ్చింది. మోకాళ్ళు పైకి లేచి హ్యాండిలుకు కొడుతున్నాయి. వీపు వంచి, ఎవరో చిన్నపిల్ల సైకిలు లాక్కుని ఎక్కినట్టుంది. మా ఆయన మొహంలో రంగు పోయింది. సీటు గొట్టం పైకి లేపాడు. ఇంకా లేపాడు. ఇక లోపల రెండు వేళ్ళంత గొట్టమే మిగిలింది.

"కొల్త సరిగ్గ తీసినవా?" అని నన్ను అడిగాడు.

"తీసిన" అన్నాను.

ఖుర్షీదా నా వైపు చూడలేదు. "అలవాటైతది అన్నా. నడవడం కంటె నయమే గద" అంది. ఆయన మాత్రం గొట్టం అంత పైకి ఉంటే ప్రమాదమని, హైదరాబాదు నుంచి పొడుగు గొట్టం తెప్పిస్తానని, వారం రోజులు ఆగమని చెప్పాడు. ఆమె ఆగలేదు. అప్పటికే నెల గడిచిపోయింది, రిజిస్టరులో మూడు పల్లెల పేజీలు ఖాళీగా ఉన్నాయి. వెనక క్యారియరు మీద మందుల డబ్బా కట్టుకుని, ఆ నల్లజాలి ఎగుడుదిగుళ్ళకు ఊగుతుంటే, కూర్చునీ కూర్చోనట్టు తొక్కుకుంటూ పోయింది. ఆ రోజు నేను అన్నం రెండుసార్లు పెట్టుకున్నాను.

*

తొమ్మిదో రోజున పడింది. గుట్ట దిగుతుంటే సీటు గొట్టం వంగి ఊడింది. మనిషి ముందుకు పడి కుడి మణికట్టు విరిగింది. దారిన పోయే బండివాళ్ళు దవాఖానాలో వేశారు. సంగతి తెలిసి మా ఆయన దుకాణం మూసి పోయాడు. సాయంత్రానికి సైకిలును భుజాన వేసుకుని వచ్చాడు.

మర్నాడు పొద్దున దాన్ని కడిగాడు. బురదంతా పోయేదాకా, జాలి ఒక్కో గడీ వేలితో తోమి కడిగాడు. ఇంకో గొట్టం వేసి సీటు కిందికి, పూర్తిగా కిందికి దించాడు. తర్వాత లోపలికి చూసి, "జర గిటు రా" అన్నాడు.

వచ్చాను. సైకిలు పక్కన నిలబడమన్నాడు. నిలబడ్డాను. చెయ్యి పట్టుకుని సీటును నా చంక కింద ఆనించాడు. నేనే చెయ్యి చాపాను, చాపకపోతే బాగుండదని. నా నడిమి వేలు సరిగ్గా ఇరుసు మీద పడింది. గింజెడు తేడా లేదు.

ఆయన ఆ వేలినే చూశాడు. అరుస్తాడనుకున్నాను. కొట్టినా కొడతాడనుకున్నాను.

"మళ్ళ పోయి కొల్చుకరా. గీసారి ఆమెది" అన్నాడు. చేతులు తుడుచుకుని అన్నానికి లేచాడు. ఆ తర్వాత ఈ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఖుర్షీదా గది దవాఖానా వెనక. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో రిజిస్టరు రాయబోతోంది. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. చిన్నోడు ఆమెను చూసి చేతులు చాపాడు. ఆమె ఎత్తుకోలేనని కట్టు చూపించింది. నేను కూర్చోలేదు.

"మొన్న ఇచ్చిన కొల్త నాది సిస్టరమ్మా. నీది గాదు" అన్నాను.

ఆమె పెన్ను మూత పెట్టింది. ఒక చేత్తో కదా, చాలాసేపు పట్టింది. ఏమంటుందో అని నేను ఎదురుచూశాను. ఎందుకని అడిగితే చెప్పడానికి దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాను. ఆమె అడగలేదు.

"కుడి చెయ్యికి పట్టీ ఉన్నది. ఎడమది తియ్యి" అని లేచి చెయ్యి చాపింది. నేను మునివేళ్ళ మీద లేచాను. "ముడి నా ముందర్నే వెయ్యి. గట్టిగెయ్యి."

వేశాను. రెండూ వేశాక గడప దాటుతుంటే వెనక నుంచి అడిగింది. "నీ ఇంట్లకెల్లి నేనేం తీస్కపోయిన అక్కా?"

చిన్నోణ్ణి చంక మార్చుకుని బయటికి నడిచాను. ఏమీ తీసుకుపోలేదని అప్పుడే తెలుసు. తెలిసినా ఆ కడుపుమంట చల్లారలేదు, అదే విచిత్రం.

*

కట్టు ఆరు వారాలన్నారు. జూలై ముప్ఫై ఒకటిన ఆమె ఆర్డరు అయిపోయింది. ఎవరికీ చెప్పకుండా ట్రంకుపెట్టె పట్టుకుని తాండూరు బండెక్కింది. అయిదు పల్లెలకు వేరే మనిషిని వేయలేదు. వానలకు వాంతులు, విరేచనాలు మొదలైతే గుట్ట కింది నుంచి తల్లులు పిల్లల్ని భుజాన వేసుకుని మా దుకాణం ముందు నుంచే నడిచి దవాఖానాకు పోయేవాళ్ళు. చిన్నోణ్ణి కొంగు కింద దాచి, నేను లోపలికి పోయి తలుపు వేసుకునేదాన్ని.

మా ఆయన రెండో ఫ్రేము కోసి అతికించాడు, ఆమె అసలు కొలతకు. కానీ అది వట్టి ఫ్రేమే. చక్రాలు, చైను, సీటు, పెడళ్ళు అన్నీ మళ్ళీ కొనే తాహతు ఆ ఏడు మాకు లేదు, కిరాయి సైకిళ్ళవి విప్పితే పూట గడవదు. దాన్ని అట్లాగే గోడకు ఆనించాడు. చిన్న సైకిలును అమ్మనూ లేదు, కిరాయికి ఇవ్వనూ లేదు. ఒకరోజు తెల్లవారి చిన్నదాన్ని పెరట్లోకి తెచ్చి నిలబెట్టి, తన పని మీద తాను పోయాడు. నేర్చుకో అని చెప్పలేదు.

గూడ్సు షెడ్డు వెనక ఖాళీ జాగా ఉంది. పిల్లవాణ్ణి అత్తకు ఇచ్చి, పాలవాళ్ళు తిరిగే వేళకు నేను అక్కడికి నడిపించుకుపోయేదాన్ని. పడ్డాను. మోచేతులు గీరుకుపోయాయి. "పిల్లతల్లివి, గిదేం పోయేకాలమే?" అని అత్త తిట్టింది. తిడుతూనే చిన్నోడికి పప్పన్నం మెత్తగా పిసికి పెట్టేది. వాడు తినేవాడు. గొంతుకు అడ్డం పడలేదు. అయిదో రోజుకు రెండు కాళ్ళూ పెడళ్ళ మీద నిలిచాయి. పన్నెండో రోజుకు షెడ్డు చుట్టూ తిరిగాను.

దాని హాయి ఎట్లా చెప్పను? కూర్చుంటే వీపు నిటారుగా ఉంటుంది. చెయ్యి చాపితే హ్యాండిలు ఉన్నచోటే ఉంటుంది. కాలు కిందికి పోతే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అంతే వంగాలి. ఒక వస్తువు నన్ను ముందే ఎరిగి ఉన్నట్టుండేది. మూడు వారాలు అట్లా తిరిగాను. అబద్ధంతో వచ్చిందని తెలుసు. తెలిసే తిరిగాను.

వినాయక చవితి అయిన వారానికి కార్డు వచ్చింది. దుకాణం పేర రాసింది. పోస్టుమాను నా చేతికే ఇచ్చాడు. ఖుర్షీదా రాత, ఇంకా కొంచెం వంకరగానే ఉంది. తాండూరు పక్క ఆరు పల్లెలకు మళ్ళీ మూడు నెలల ఆర్డరు వచ్చిందట. సోమవారం డ్యూటీలో చేరాలి. సొంత సైకిలు ఉన్నవాళ్ళనే తీసుకుంటామన్నారట. 'దేవన్నా, పాతదాన్ని నాకు పట్టేటట్టు చేయగలరా, చేయలేకపోతే ఒక ముక్క రాయండి, వేరే ఎవరికో ఆర్డరు ఇస్తారు' అని రాసింది.

మా ఆయన చదవగలడు గానీ ఉత్తరాలన్నీ నేనే చదివి చెబుతాను. అంటే నేను చెప్పకపోతే ఆ కార్డు రానట్టే. జాకెట్లో పెట్టుకున్నాను. అంట్లు తోమాను. పిల్లవాడికి నీళ్ళు పోశాను. వాడి ఒళ్ళు తుడుస్తుంటే కార్డు అంచు గుచ్చుకుంది, తీయలేదు. మధ్యాహ్నం దాకా ఒకటే లెక్క వేసుకున్నాను. ఆమెకు ఉద్యోగం ఉంది, చదువుంది, పొడుగుంది, నవ్వుంది. నాకు ఒక్క సైకిలుంది. అది కూడా ఆమెకే పోవాలా?

మధ్యాహ్నం ఆయన కంచం ముందు కూర్చున్నాక కార్డు తీసి చదివాను. మొత్తం చదివాను. ఆయన ముద్ద కలుపుతూ, "ఫ్రేమున్నది. సామాను లేదు" అన్నాడు. నన్ను చూడలేదు. "దీని మీదిదే తియ్యాలె."

"తియ్యి" అన్నాను.

"అంతా తియ్యాలె. చక్రాలు గూడ."

"తియ్యుమన్న గద."

శనివారం పెరట్లో కూర్చుని విప్పాడు. నేను పానాలు అందించాను. సీటు, చైను, పెడళ్ళు, జాలి, ఒక్కొక్కటే నా సైకిలు మీద నుంచి ఆమె సైకిలు మీదికి పోయాయి. జాలి విప్పేటప్పుడు ఆయన దాన్ని నా చేతికి ఇచ్చాడు, చిక్కు పడకుండా పట్టుకోమని. నేనే దాన్ని కొత్త చక్రానికి కట్టాను. చివరికి నా అంత ఫ్రేము ఒట్టిగా గోడకు మిగిలింది.

*

ఆదివారం ఆయనకు వేరే బేరం ఉంది. నేను పోతానన్నాను. పెళ్ళయ్యాక నేను ఒంటరిగా రైలెక్కింది లేదు. సైకిలును సామాన్లు వేసే బ్రేకు పెట్టెలో వేయించి, చిన్నోణ్ణి ఒళ్ళో పెట్టుకుని, తాండూరు దాకా ప్రతి స్టేషన్లో తల బయట పెట్టి బ్రేకు పెట్టె వైపు చూశాను, ఎవరైనా దించుకుపోతారేమోనని. పిల్లవాడికి చల్లగాలి తగిలి జలుబు చేస్తుందని ఒక భయం, తిరుగు బండి తప్పిపోతే ఎట్లా అని ఒక భయం.

స్టేషను నుంచి ఆమె ఇంటిదాకా నడిపించుకుంటూ పోయాను. ఆ సైకిలు హ్యాండిలు నా భుజాల ఎత్తున ఉన్నట్టనిపించింది. దారి పొడుగునా షాబాదు బండల దొంతరలు, పాలిషింగు నీళ్ళు తెల్లగా కాలువ కట్టి ఉన్నాయి. ఖుర్షీదా గడపలోనే నిలబడి ఉంది, ముందే కార్డు రాశాం. ఆమె వదిన తలుపు వెనక నుంచి నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపు.

కుశలాలు లేవు. ఖుర్షీదా సైకిలు తీసుకుని, పక్కన నిలబడి, సీటును చంక కింద ఆనించి తానే కొలుచుకుంది. వేలు ఇరుసును తాకింది. మోచెయ్యి ఆనించి చూసింది. వేళ్ళు హ్యాండిలును అందుకున్నాయి. అప్పుడు ఎక్కింది. వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. కుడి చేత్తో బ్రేకు పట్టడానికి కొంచెం తడబడింది గానీ, కాళ్ళు నీళ్ళలాగా పోయాయి.

దిగకుండానే కాలి బొటనవేలు నేలకానించి, "రేపటి సంది దీని మీదనే" అంది, ఎవరికో చెప్పినట్టు. తర్వాత చిన్నోణ్ణి చూసి, "ఎక్కిండు బరువు" అంది. టీ తాగమని అడగలేదు. నేను కూడా ఎదురుచూడలేదు. బండి వేళయిందని వెనక్కి తిరిగి, నాలుగడుగులు వేశాక వెనక గంట మోగింది.

"కూసో. స్టేషన్ల ఇడుస్త. పిల్లగాణ్ణి గట్టిగ పట్టుకో."

వెనక క్యారియరు మీద పక్కకు కూర్చున్నాను. ఒక చేత్తో చిన్నోణ్ణి, ఇంకో చేత్తో ఆమె నడుము. సైకిలు కదిలింది. నా కొంగు జాలికి రాసుకుంటూ వస్తోంది, చక్రంలో పడడం లేదు. బండల దొంతరలు వెనక్కి పోయాయి. ముందు ఆమె మోకాళ్ళు కనబడుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి, ఎంత వంగాలో అంతే వంగుతూ. ఆ మోకాళ్ళు ఎంత హాయిగా ఉన్నాయో ఆ వీధిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను దిగివచ్చిన చోట ఆమె కూర్చుంది. కడుపులో అదే మంట, తగ్గలేదు. కానీ మొదటిసారి అది ఆమె పొడుగు మీదా, మా ఆయన వేళ్ళ మీదా లేదు. ఆమె తొక్కుతోంది, నేను తొక్కడం లేదు. మంటంతా దాని మీదే.

స్టేషను ముందర చిన్న ఎత్తు వచ్చింది. "దిగుతనా?" అన్నాను.

"కదలకు. బరువే తెలుస్తలేదు" అంది. నిజంగానే తెలియలేదు. సీటు మీద నుంచి లేవకుండానే ఎత్తు ఎక్కింది.

చిన్నోడు ఆమె వీపు మీద చెయ్యి వేసి ఆడుతున్నాడు. ప్యాసింజరు అప్పుడే ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది, కూత వినబడుతోంది. ఖుర్షీదా సైకిలు నెమ్మది చేసి, "దిగక్కా. బండొచ్చింది" అంది.

నేను దిగలేదు. నా నోట ఆ మాట వస్తుందని నాకే తెలియదు.

"మాపటికి ఇంకో బండి ఉన్నది గద" అన్నాను.

ఆమె తొక్కడం ఆపలేదు. స్టేషను గేటు దాటి, బజారు వైపు హ్యాండిలు తిప్పింది.